ఎదిగే పిల్లకి ఏటీవీ

చోవా చూ కాంగ్, సింగపూర్
9 జూన్ 2024

అన్నయ్యకు,

రాజీ రాస్తున్నాను. ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నవ్వకు. మనిద్దరం ఫోన్ పట్టుకుంటే మూడో మాటకు నువ్వు అరుస్తావు, నాలుగో మాటకు నేను పెట్టేస్తాను. అందుకే కదా పెద్దమ్మ "ముక్కెమైన సంగతులుంటే కాయితమ్మీద కొట్టుకోండి" అని తీర్పు చెప్పింది. ఇది ముఖ్యమైన సంగతే.

నిఖిలకు ఏటీవీ కొనాలి. అదే, నాలుగు లావుపాటి చక్రాలు, మోటారు సైకిలు హ్యాండిలు ఉండే బండి. మీ ఊరి బీచ్ రిసార్టులో టూరిస్టులు నడుపుతుంటారు చూడు, అది. ఇక్కడ నడపడానికి కాదులే. పదకొండో అంతస్తులో ఫ్లాటు, కింద కార్ పార్కు, ఇక్కడ ఆ మాటే లేదు. సోంపేట దగ్గర మన జీడితోటలో, డిసెంబరు సెలవుల్లో నడపడానికి.

ఎందుకో చెప్తాను. పోయిన డిసెంబరులో పిల్లలందరూ సముద్రం చూస్తామని తోట చివర ఇసుకదిబ్బ మీదికి పరుగెత్తారు. నిఖిలా బయల్దేరింది. పెద్దమ్మ "గుంట అలిసిపోద్ది" అని దాన్ని చంకనెత్తుకుని తీసుకొచ్చి వరండాలో కూర్చోబెట్టింది. తొమ్మిదేళ్ళ పిల్లని, చంకన. ఏడో నెలలో పుట్టింది, నిజమే. ఆ ముచ్చట ఇంకా ఎన్నాళ్ళు? తిరిగి వచ్చేటప్పుడు విమానంలో నా కూతురు కిటికీ వైపు తిరిగి, "నెక్స్ట్ టైమ్ ఐ గో మైసెల్ఫ్ లా" అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఈపాటికి నేను మరిచిపోయేదాన్నేమో.

ఇసుకలో సైకిలు కూరుకుపోతుంది. నడుస్తానంటే మళ్ళీ ఎవరో ఒకరు ఎత్తుకుంటారు. కాబట్టి బండి కావాలి. మీ బావ వద్దంటున్నారు. షిప్‌యార్డులో సేఫ్టీ సూపర్‌వైజరు కదా, ఆయన దృష్టిలో మంచం దిగడం కూడా ప్రమాదమే. నేను మాత్రం నిర్ణయించేశాను. నువ్వు విచారించి రాయి.

నీ చెల్లెలు
రాజకుమారి

సోంపేట
24 జూన్ 2024

చెల్లాయికి ఏడుకొండలు ఆశీస్సులు.

నీ ఉత్తరం వరండాలో కూర్చుని పెద్దమ్మకు చదివి వినిపించాను. నీకు తెలుసుగా, ఈ ఇంటికొచ్చిన ఏ ఉత్తరమైనా ఆవిడ చెవిన పడాల్సిందే. చంకనెత్తుకున్న ముచ్చట దగ్గర కాస్త మింగేద్దామనుకున్నాను గానీ, ఆగిన చోటు పసిగట్టి "అక్కడేటో దాటేసినావు" అంది. చదివాను. అంతా విని "బండేటి, ముందు గుంటకి తిండెట్టమను. వీడియోలో సూత్తే పుల్లలాగున్నాది" అంది.

నాకు మాత్రం మహా సంబరంగా ఉంది. పిట్ట కొంచెం కూత ఘనం అని మా మేనకోడల్ని చూసే అన్నారు. ఈ ఏడు జీడిపిక్కలు బాగానే దిగాయి, నేనూ ఖాళీగానే ఉన్నాను. రిసార్టు వాళ్ళు సీజను అయ్యాక పాత బళ్ళు అమ్మేస్తారట. మేనేజరును కదిపితే "పిల్ల బరువెంత, ఎత్తెంత" అన్నాడు. వెంటనే రాయి. బావకు చెప్పు, మా తోటలో మంచం దిగితే ఇసుకే, దెబ్బ తగలదు.

మీ అన్నయ్య

చోవా చూ కాంగ్
7 జూలై 2024

అన్నయ్యకు,

ఎత్తు నూట ఇరవై ఆరు సెంటీమీటర్లు. బరువు ముప్పై రెండు కిలోలు. పెద్దమ్మకు చెప్పు, వీడియోలో అందరూ సన్నగానే కనిపిస్తారు. పొద్దున రెండు దోసెలు, మధ్యాహ్నం స్కూల్లో నూడుల్స్, రాత్రి అన్నం పప్పు నెయ్యి. నేను పనిచేసే చైల్డ్‌కేర్‌లో చైనీస్ పిల్లల తల్లులు "వై యువర్ డాటర్ ఈట్ సో వెల్" అని నన్నడుగుతారు.

నిఖిల అప్పుడే హెల్మెట్టు ఏ రంగో తేల్చేసింది. ఎరుపు. నువ్వు త్వరపడి ఏదీ కొనెయ్యకు. ముందు నాకు రాయి.

రాజీ

సోంపేట
20 జూలై 2024

రాజీకి,

కొనేశాను.

తిట్టకు, ముందు చదువు. నూట పాతిక సీసీ, నాలుగు చక్రాలూ కొత్తవే. రిసార్టు వాళ్ళు చిన్న బండి కూడా చూపించారు, డెబ్భై సీసీ. బొమ్మలాగుంది. ఎదిగే పిల్లకి అదెన్నాళ్ళొస్తుంది? నువ్వు ఆరో క్లాసులో ఉండగా పెద్దమ్మ పదో క్లాసు సైజు గౌను కుట్టించి, అంచు లోపలికి మడిచి, ఏటేటా ఒక్కో మడత విప్పింది కాదూ? చెప్పుల్లో గుడ్డపీలికలు కుక్కుకుని నువ్వు బడికి పోలేదూ? అలాగే ఇదీను. కొన్నాళ్ళు పెద్దదిగా ఉంటుంది, తరవాత సరిపోతుంది.

పైగా నేను ఊరికే కొనలేదు, శాస్త్రీయంగా పరీక్ష చేశాను. గోనెసంచీలో సరిగ్గా ముప్పై రెండు కిలోల జీడిపిక్కలు కాటా వేసి పోయించి, సీటు మీద ఎగువ వైపుకి కట్టి, దిబ్బ పక్కన ఏటవాలుగా ఉన్న చోట ఇంజను ఆపి ఇద్దరు మనుషుల చేత అడ్డంగా తోయించాను. బండి ఒరిగింది గానీ పడలేదు. పెద్దమ్మ కుర్చీ వేయించుకుని మరీ చూసింది. నీ కూతురి బరువుకి ఇది రాయిలా నిలబడుతుంది.

ఎరుపు రంగు వేయించాను. ముందు వైపు తెల్లక్షరాలతో "నిఖిల" అని నేనే రాశాను. ఖి గుడి కొంచెం వంకరపోయింది.

మీ అన్నయ్య

చోవా చూ కాంగ్
4 ఆగస్టు 2024

అన్నయ్యా,

ఆ బండి వద్దు. ఇచ్చేసి చిన్నది తీసుకో.

చెప్పుల్లో పీలికలు కుక్కుకుని నడిచానన్నావు. నడిచాను, పడ్డాను. ఎడమ మోకాలి మీద మచ్చ ఇప్పటికీ ఉంది. అప్పుడు నా కింద ఇంజను లేదు కాబట్టి మచ్చతో పోయింది. ఎదిగే పిల్ల, ఎదిగే పిల్ల అని అదే మాట పట్టుకున్నావు. ఎదిగాక ఎక్కాల్సిన బండి ఎదిగాక కొనుక్కోవచ్చు. నాకు ఈ డిసెంబరుకు కావాలి.

నువ్వు చేసిన పరీక్ష నాకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదని అడగకు. చిన్నది తీసుకో, అంతే. అసలు నాకొకటి అనిపిస్తోంది. ఆ పెద్ద బండి నిఖిల కోసం కాదు, మిగతా పదకొండు నెలలూ తోట చుట్టూ తిరగడానికి నీ కోసం. ఆ మాటే చెప్పొచ్చుగా.

రాజకుమారి

సోంపేట
18 ఆగస్టు 2024

సింగపూర్ వాస్తవ్యురాలు శ్రీమతి రాజకుమారి గారికి,

తమరి ఉత్తరం అందింది. నేను తొంభై కిలోల మనిషిని. ఆ బండి మీద కూర్చుంటే మోకాళ్ళు చెవులకు తగులుతాయి. నా కోసం కొనుక్కున్నానట.

సంగతి నాకు అర్థమైంది. సెకండ్ హ్యాండ్ బండి అంటే బావగారికి నామోషీ. ఆ మాట సూటిగా రాస్తే పోయేది, ఎందుకు నచ్చలేదని అడగవద్దట. సరే, అడగను. బండి గోదాములో పెట్టి టార్పాలిన్ కప్పాను. దాని మీద రాసిన పేరు చెరపడానికి మాత్రం నా వల్ల కాదు.

ఏడుకొండలు

చోవా చూ కాంగ్
8 సెప్టెంబరు 2024

అన్నయ్యా,

ఈ ఉత్తరం పెద్దమ్మకు చదవకు. గోదాములోకి వెళ్ళి ఒక్కడివే చదువు.

మీ బావ అలాంటివారు కాదు. ఆయన్ని అనవసరంగా ఇందులోకి లాగావు, నేనూ నిన్ను అనరాని మాట అన్నాను. అది అలా ఉంచు.

ఇక్కడ స్కూలుకి వారం రోజులు సెలవులు. నిన్న ముగ్గురం బస్సులో వంతెన దాటి మలేషియాలోని జొహోర్ వెళ్ళాం. అక్కడ పామాయిలు తోటలో ఒక మలయ్ పెద్దాయన పిల్లల చేత ఏటీవీలు నడిపిస్తాడు. నిఖిల దిగగానే పరుగెత్తి అన్నిటికంటే పెద్దదాని సీటు మీద టిష్యూ ప్యాకెట్టు పెట్టేసింది. ఇక్కడ తిండి కొట్లుండే హాకర్ సెంటర్లో టేబులు మాదని చెప్పడానికి అలా పెట్టి చోప్ చేస్తాం, అదే అలవాటు. పెద్దాయన నవ్వి ఆ ప్యాకెట్టు తీసి దాని చేతిలో పెట్టి, "ముందు తూకం" అన్నాడు. ఆఫీసు గదిలో కాటా ఉంది. నిఖిల ఎక్కి నిలబడింది.

ఇరవై రెండు.

నేను రాసింది ముప్పై రెండు. తెలియక రాయలేదు. చైల్డ్‌కేర్‌లో నెలనెలా అందరి పిల్లల్నీ తూచేదాన్ని, నా పిల్ల బరువు నాకు తెలియదా. నువ్వు ఉత్తరం పైకి చదువుతావని, పెద్దమ్మ వింటుందని తెలుసు. పదేళ్ళుగా "గుంట సిక్కిపోనాది, ఏటీ ఎట్టడం నేదేటి" అని వింటున్నాను అన్నయ్యా. ఆ మాట వినగానే నేను తల్లినే కానట్టు అనిపిస్తుంది. కలం దానంతట అదే పది కిలోలు కలిపేసింది. ఆ తరవాత నువ్వు సంచీ తూచి కట్టానని రాస్తే, నా తప్పు అంకెకే బండి కొన్నావని అర్థమైంది. అయినా చెప్పలేక నీ మీద ఎగిరాను.

కాటా దగ్గర మీ బావ నా మొహం చూశారు. ఆయన ఒక్క మాటే అన్నారు: "మా యార్డులో క్రేను ఎత్తే సామాను మీద బరువు తప్పు రాసినవాణ్ణి ఆ పూటే ఇంటికి పంపేస్తాం." నన్ను ఇంటికి పంపలేరు కాబట్టి బస్సంతా మాట్లాడలేదు.

పెద్దాయన నిఖిలను డెబ్భై సీసీ బండి ఎక్కించాడు. ఏం చూశాడో అన్నీ గుర్తుపెట్టుకున్నాను, తరవాత రాస్తాను. మూడు చుట్లు తిరిగింది. దిగి "కెన్, లా" అంది, నావల్ల అవుతుందని. నాకు ఇప్పుడు పట్టుదల ఇంకా పెరిగింది. బండి కొనాల్సిందే, దాని బరువుకి తగ్గ బండే కొనాలి.

నీ రాజీ

సోంపేట
22 సెప్టెంబరు 2024

అమ్మడూ,

గోదాములోనే చదివాను. చదివి కాసేపు అక్కడే బస్తా మీద కూర్చున్నాను. నిన్ను తిట్టడానికి నోరు రాలేదు. నేనైనా అలాగే రాసేవాణ్ణేమో.

మర్నాడు ఆ సంచీలోంచి పది కిలోల పిక్కలు తీయించేశాను. అదే బండి, అదే దిబ్బ, అదే ఇద్దరు మనుషులు. సంచీని ఎగువ వైపే కట్టి అడ్డంగా తోయమన్నాను. నాలుగు గజాలు వెళ్ళిందో లేదో, ఎగువన బరువు చాలక పైవైపు చక్రాలు లేచాయి. బండి తిరగబడి సంచీ మీద పడింది. గోనె చిరిగి పిక్కలన్నీ ఇసుకలో చెల్లాచెదురయ్యాయి. హ్యాండిలు కొస సరిగ్గా సంచీ మధ్యలో దిగబడింది.

ఆ హ్యాండిలు పక్కనే నేను రాసిన పేరు, తలకిందులుగా. పరాయివాడి పిల్లకి ఇలా జరిగినా భరించలేను. పెద్దమ్మ కుర్చీలోంచి లేచి వచ్చి పిక్కలు ఏరడం మొదలెట్టింది. సంచీ ఎందుకు తగ్గించావని నన్ను అడగలేదు, నేనూ చెప్పలేదు.

బండి రిసార్టుకు తిరిగిచ్చేశాను. పేరు చెరిపే ఇచ్చాను. ఈసారి నువ్వు చెప్పినట్టే కొంటాను, ఒక్క అంగుళం కూడా పెద్దది కొనను. ఆ పెద్దాయన ఏమేం చూశాడో విడమర్చి రాయి.

అన్నయ్య

చోవా చూ కాంగ్
6 అక్టోబరు 2024

అన్నయ్యకు,

ఈ ఉత్తరంతో పాటు పార్సిలులో ఆది పంపుతున్నాను. దర్జీకి ఆది జాకెట్టు ఇస్తామే, అలా అన్నమాట. నిఖిల పాత ప్యాంటు, ఫుల్ హ్యాండ్ చొక్కా, ఒక చేతి తొడుగు. అంకెలు రాస్తే నామీద నాకే నమ్మకం లేదు. గుడ్డ అబద్ధమాడదు.

పెద్దాయన చేసింది ఇదీ. ముందు పిల్లను కాళ్ళు పెట్టుకునే చోట లేచి నిలబడమన్నాడు. నిలబడితే సీటుకీ పిల్లకీ మధ్య ఖాళీ కనబడాలట. కనబడకపోతే బండి పెద్దదని లెక్క. ఎగుడుదిగుళ్ళలో మోకాళ్ళు కాస్త వంచి సీటు మీంచి లేవాలి కదా. తరవాత హ్యాండిలు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తిప్పించాడు. ముందుకు సాగిలపడకుండా తిప్పగలగాలి. పిడి మీద చెయ్యి తియ్యకుండానే వేళ్ళతో బ్రేకు అందుకోవాలి. నిఖిలకు పెద్ద బండి బ్రేకు అందలేదు, చిన్నదానిది అందింది. అందుకే తొడుగు పంపాను.

గేర్లు లేని బండి చూడు. వేగం పెరగకుండా బిగించే స్క్రూ ఉంటుంది, అది ఉండాలి. వెనక తాడు ఉండాలి, లాగితే ఇంజను ఆగిపోయేది. వెనక సీటు ఎవరికీ లేదు, తోట పిల్లలెవరు అడిగినా సరే. ఇవన్నీ మీ బావకు చదివి వినిపించాను. సేఫ్టీ సూపర్‌వైజరు గారు మొదటిసారి తల ఊపి, "బూట్లు, చేతి తొడుగులు నేను కొంటా" అన్నారు. అంటే ఒప్పుకున్నట్టే.

రాజీ

సోంపేట
10 నవంబరు 2024

రాజీకి,

విశాఖ వెళ్ళొచ్చాను. ఎలా వెళ్ళానో వింటే నవ్వుతావు. ప్యాంటులో, చొక్కాలో ఇసుకా పిక్కలూ కూరించి, కుట్టించి, సరిగ్గా ఇరవై రెండు కిలోలు కాటా వేయించి, ఆ బొమ్మను బస్సులో పక్క సీట్లో కూర్చోబెట్టుకుని వెళ్ళాను. కండక్టరు దానికి టికెట్టు అడిగాడు. షోరూములో ఒక్కో బండి మీద దాన్ని కూర్చోబెట్టాను, నిలబెట్టాను, తొడుగు తీసి బ్రేకుకి కొలిచాను. అమ్మకం కుర్రాళ్ళు గుమిగూడి నవ్వారు. నవ్వనీ, నవ్విన నాపచేనే పండుతుంది.

ఒకాయన మాత్రం "సార్, పిల్ల పెరుగుద్ది కదా, తొంభై సీసీ తీసుకోండి" అన్నాడు. నా నోటి మాట ఇంకొకడి నోట వింటుంటే ఒళ్ళు మండింది. "పెరిగాక వస్తాను, అప్పుడు అమ్ము" అన్నాను.

డెబ్భై సీసీ, నువ్వు చెప్పినవన్నీ ఉన్నాయి. ఎరుపు లేదు, నీలమే ఉంది. నిఖిలకు నువ్వే సర్దిచెప్పు.

అన్నయ్య

సోంపేట
22 డిసెంబరు 2024

చెల్లాయికి,

ఈ ఉత్తరం బావ చేతికిచ్చి పంపుతున్నాను. నీకు సెలవు దొరక్క రాలేకపోయావు గానీ, నువ్వు ఉండాల్సింది.

వచ్చిన మొదటి వారం నిఖిల బండి ముందుకు నడిపిందే లేదు. బావ పెట్టిన రూలు. ఆపడం వచ్చాకే కదలడం. "ఆపు" అంటే ఇంజను ఆపాలి, లేచి నిలబడాలి, దిగాలి, మళ్ళీ ఎక్కాలి. విసుక్కోకుండా చేసింది. తరవాతి రోజుల్లో నేను తాడు పట్టుకుని వెనకాలే పరుగెత్తాను. తొంభై కిలోల నేను కాస్త తగ్గాననే అనుకుంటున్నాను. అన్నానికి వెళ్ళేటప్పుడు మాత్రం సీటు మీద టిష్యూ ప్యాకెట్టు పెట్టి వెళ్తుంది. తోట పిల్లలెవరికీ దాని అర్థం తెలియదు, అయినా ఎవరూ ముట్టుకోలేదు.

మొన్న పొద్దున బావ ముందే వెళ్ళి దిబ్బ కింద నిలబడ్డాడు. నేను ఇటు చివర ఉన్నాను. మధ్యలో దారి తిన్నగా ఉంటుంది, ఇద్దరికీ కనబడుతుంది. తాడు చేతిలోకి తీసుకోబోతే నీ కూతురు వెనక్కి తిరిగి, "మావయ్యా, డోంట్ హోల్డ్ లా" అంది. వదిలేశాను. వదలడం ఎంత కష్టమో నీకు చెప్పక్కర్లేదు.

వెళ్ళింది. మెల్లగా, జీడిచెట్ల మధ్య నుంచి, ఎక్కడా తూలకుండా. దిబ్బ కింద బండి ఆపి, దిగి, హెల్మెట్టు తీసి, తనంతట తనే పైకెక్కి సముద్రం చూసింది. బావ చెయ్యి ఇస్తే పట్టుకోలేదట. తిరిగొచ్చేసరికి వరండా మెట్ల దగ్గర పెద్దమ్మ నిలబడి ఉంది. బండి ఆగగానే, దించుదామని రెండు చేతులూ చాచింది. "నేనే దిగుతాను అమ్మమ్మా" అంది నిఖిల. పెద్దమ్మ చేతులు అలాగే కాసేపుంచి, వెనక్కి తీసుకుంది. దిగింది. పెద్దమ్మ కొంగుతో మొహం తుడుచుకుని లోపలికెళ్ళి అట్లు పొయ్యడం మొదలెట్టింది.

ఇంకొక సంగతి. ఆ సాయంత్రం ఉండబట్టలేక, సంచీలో పది కిలోలు ఎందుకు తగ్గించానో పెద్దమ్మకు చెప్పేశాను. నువ్వు చదవొద్దన్న ఉత్తరం చదవలేదు, సంగతి మాత్రం చెప్పాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "నాను సంకనెత్తుకున్నాను గదరా. ముప్పై రెండో ఇరవై రెండో నా నడుముకి తెలవదేటి? తల్లి ముప్పై రెండు అన్నాది, నాను ఊకొట్టినాను. దాని మనసు కట్టపెట్టడమెందుకని" అంది. మళ్ళీ తనే, "నా మాటకి గుంట తల్లి అబద్దమాడినాదంటే తప్పు నా మాటదే" అంది. ఈ సంగతి నీకు రాయమని చెప్పలేదు. రాయొద్దని కూడా చెప్పలేదు.

మీ అన్నయ్య

చోవా చూ కాంగ్
29 డిసెంబరు 2024

అన్నయ్యకు, పెద్దమ్మకు,

ఈసారి ఇద్దరికీ కలిపి రాస్తున్నాను.

నీ ఉత్తరం నిన్న వీళ్ళిద్దర్నీ ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొస్తూ ట్రైన్‌లోనే చదివాను. బెడోక్ స్టేషను దగ్గర మొదలుపెట్టాను. ఎన్ని స్టేషన్లు దాటాయో తెలియలేదు. నేను ఏడుస్తుంటే నిఖిల చుట్టూ చూసి, "అమ్మా, సో పైసే" అంది, పరువు తీస్తున్నావని. ఏడవడం ఆపలేదు. పరువు కోసం నేను చెయ్యకూడనిది చేసే ఇంత దాకా తెచ్చుకున్నాను.

ఇంటికొచ్చాక నన్ను సూట్‌కేసు ఎత్తొద్దంది. నేనే ఎత్తుతానని తన పెట్టె తనే లిఫ్టులోంచి లాక్కొచ్చింది. బండికి నీలమే బాగుందట. వచ్చే డిసెంబరుకు కూడా అదే బండి. కొలతలు మారితే మళ్ళీ ఆది పంపుతాను, మారకపోతే అదే చాలు. ఎదగడానికి తొందరేమీ లేదు.

అన్నయ్యా, ఈ కింది మాట వరండాలో నిలబడి, గట్టిగా చదువు. దాటెయ్యకు.

పెద్దమ్మా, నిఖిల బాగా తింటుంది. సన్నగానే ఉంటుంది. ఈ పొద్దున నేనే తూచాను. దాని బరువు ఇరవై రెండున్నర కిలోలు.

మీ
రాజీ